‘పెంచుకోవడం’లో ‘కో’ తీసేస్తే: ఫోస్టర్ కుటుంబాలకు అందని అండ

ఇతరుల బిడ్డను ఇంటికి తెచ్చి పెద్దచేయడానికి తెలుగులో ఉన్న మాటల్లో సొంతం చేసుకోవడం కూడా కలిసే ఉంటుంది. పెంచుకోవడం, దత్తత తీసుకోవడం, తెలంగాణ పల్లెల్లో సాదుకోవడం: మూడింటిలోనూ ‘కో’ ఉంది, ఆ బిడ్డ ఇక మనదే అని ఆ ఒక్క అక్షరం చెప్పకనే చెబుతుంది. 2015 నాటి బాల న్యాయ చట్టం 44వ సెక్షన్‌లో చెప్పిన ఫోస్టర్ కేర్ ఆ ‘కో’ లేని పెంపకం. బిడ్డ కొంతకాలం ఈ ఇంట్లో ఉంటుంది, కన్నవారి పరిస్థితి చక్కబడిందని బాలల సంక్షేమ సమితి (సంరక్షణ అవసరమైన పిల్లల విషయాలు తేల్చే జిల్లా స్థాయి అధికారిక మండలి) భావిస్తే తిరిగి వెళ్లిపోతుంది, ఆ మధ్యకాలంలో అన్నం, బడి, మందులు, ఆలనాపాలనా అన్నీ ఈ ఇంటి బాధ్యతే. ఇలాంటి సంబంధానికి మనకు వాడుకలో మాట లేదు. మాట లేకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దాని బరువు అపార్ట్‌మెంటు మెట్ల మీదే తెలిసిపోతుంది. “ఈ పాప ఎవరండీ, మీ చుట్టాలమ్మాయా?” అని పక్క ఫ్లాటావిడ అడుగుతుంది. కాదు. “దత్తత తీసుకున్నారా?” అదీ కాదు. ఇక మిగిలిన ప్రశ్నను ఆమె పైకి అనదు, కానీ ఇంట్లో పనికి పెట్టుకున్నారేమోనన్న అనుమానం కళ్లలో కనిపిస్తుంది. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పోలీసులు పనిలో ఉన్న పిల్లలను విడిపించే హైదరాబాద్‌లో ఆ అనుమానం అసహజమేమీ కాదు, పిల్లల పక్షాన చూస్తే మంచిది కూడా. అయితే దానికి జవాబు చెప్పుకోలేని స్థితి ఫోస్టర్ తల్లిది. బిడ్డ గతం నలుగురిలో పెట్టే విషయం కాదు, బిడ్డను గుర్తుపట్టేలా చేసే వివరాలు ఏ సమాచార మాధ్యమంలోనూ వెలువడకూడదని అదే చట్టం 74వ సెక్షన్ చెబుతోంది, ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. పుట్టినరోజు కేకు కోసిన ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలన్నా చెయ్యి ఆగాల్సిందే.

2024లో కేంద్రం సవరించిన మార్గదర్శకాలతో ఈ దారి ఇంకొంత విశాలమైంది. అంతకుముందు దంపతులకే పరిమితమైన అవకాశం ఇప్పుడు 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ఒంటరి వ్యక్తులకు, అంటే పెళ్లి చేసుకోనివారికి, భర్తనో భార్యనో కోల్పోయినవారికి, విడాకులు తీసుకున్నవారికి కూడా వచ్చింది. ఒంటరి మహిళ అబ్బాయినైనా అమ్మాయినైనా పెంచవచ్చు, ఒంటరి పురుషుడు అబ్బాయిని మాత్రమే. దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. ఆరేళ్లు దాటిన పిల్లలే ఈ పద్ధతిలోకి వస్తారు. వారి విషయంలో దత్తతకు చట్టపరమైన అడ్డంకి లేకపోతే, అదే కుటుంబంలో రెండేళ్లు గడిచాక ఆ కుటుంబమే దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చు, పూర్వం ఈ గడువు ఐదేళ్లు ఉండేది. కుటుంబాల సంఖ్యను పెంచడానికి ఇవన్నీ పనికొచ్చే మార్పులే. వచ్చిన కుటుంబాలను నిలబెట్టుకోవడం ఎలాగన్నది మాత్రం వేరే ప్రశ్న, దాని మీద ఇక్కడ జరిగిన ఆలోచన తక్కువ.

చట్టం ఫోస్టర్ కుటుంబంతో మాట్లాడే తీరు గమనించదగ్గది. బిడ్డ చదువు, ఆరోగ్యం, పోషణ కుటుంబం చూడాలని చెబుతుంది. ప్రతి నెలా సమితి తనిఖీ జరగాలని, లోపం కనిపిస్తే బిడ్డను అక్కడినుంచి తీసి మరో కుటుంబానికి మార్చాలని చెబుతుంది. ఇవన్నీ బిడ్డ రక్షణ కోసం ఉండాల్సినవే, వీటిని సడలించాలని అడిగేవారెవరూ బిడ్డ మేలు కోరేవారు కారు. కానీ తనిఖీ వేరు, అండ వేరు. నెలకోసారి వచ్చే అధికారి గది చూస్తారు, మంచం చూస్తారు, బడి రిజిస్టరు అడుగుతారు, బిడ్డతో విడిగా మాట్లాడతారు. “మీరెలా ఉన్నారు, రాత్రిళ్లు నిద్ర పడుతోందా?” అన్న ప్రశ్నకు ఆ ఫారంలో గడి ఉండదు. అడిగినా, అడిగిన మనిషే రేపు బిడ్డను ఉంచాలా తీయాలా అన్న నివేదిక రాయబోతున్నప్పుడు, “రెండు నెలలుగా విసిగిపోయి ఉన్నాను” అని నిజం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? తనిఖీ చేసే చేయి, ఆదుకునే చేయి ఒకటే అయినప్పుడు రెండో పని జరగదు. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2009లో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు ఈ విషయంలో మనకన్నా స్పష్టంగా ఉన్నాయి. బిడ్డ రాకముందు, ఉన్నప్పుడు, వెళ్లిపోయాక కూడా పెంచేవారికి శిక్షణ, తోడ్పాటు, కౌన్సెలింగ్ అందుబాటులో ఉండాలని, విధానాల రూపకల్పనలో వారి మాటకు చోటుండాలని, వారు సంఘాలుగా ఏర్పడడాన్ని ప్రోత్సహించాలని అవి చెబుతాయి. ‘వెళ్లిపోయాక కూడా’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. దాని సంగతి చివర వస్తుంది.

డబ్బు గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. బాలల పరిరక్షణ కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఫోస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించారు, అంతకుముందు సమగ్ర బాలల పరిరక్షణ పథకంలో అది 2,000. రోజుకు 133 రూపాయలన్న మాట. పాలు, టిఫిను, బడి ఆటో, నోటుపుస్తకాలు, ఎప్పుడైనా వచ్చే జ్వరం అన్నీ లెక్కవేస్తే నగరంలో ఇది చేతికి ఊతమే గానీ ఖర్చుకు సరిపోదు. పైగా అది బిడ్డ కోసం వచ్చే సొమ్ము, పెంచే మనిషి శ్రమకు ఖరీదు కట్టినది కాదు. ఇంగ్లండులో బిడ్డ ఖర్చులకిచ్చే భత్యం వేరుగా, పెంచేవారి నైపుణ్యానికి ఇచ్చే రుసుము వేరుగా చూసే పద్ధతి ఉంది. ఇక్కడ అలాంటి విభజన వినిపించగానే “డబ్బు కోసమా పెంచుతున్నది?” అనే మాట వస్తుంది. ఆ మాట అనేవారు అంగన్‌వాడీ టీచరు జీతం గురించి కూడా ఒకప్పుడు అలాగే అన్నారు.

అసలు బరువు రోజువారీ బతుకులో ఉంది. ఒక ఇంటి దృశ్యం ఊహించుకుంటే సరిపోతుంది. ఎనిమిదేళ్ల పాప వచ్చి మూడు వారాలైంది. కడుపునిండా పెడుతున్నారు, అడిగితే ఇంకా పెడతారు. అయినా శనివారం దుప్పట్లు ఉతకడానికి తీసినప్పుడు దిండు గలీబులో ఎండిపోయిన రెండు చపాతీలు, చీమలు పట్టిన బిస్కెట్ ముక్కలు బయటపడతాయి. మొదటిసారి చూసినప్పుడు గుండె తరుక్కుపోతుంది. నాలుగోసారికి కోపం వస్తుంది, “ఇంట్లో ఏం తక్కువైందని?” అన్న మాట నోటిదాకా వస్తుంది. ఆకలిని చూసిన పిల్లలకు రేపటి అన్నం మీద నమ్మకం కుదరడానికి నెలలు పడుతుందని, దాచుకోవడం దొంగతనం కాదని, మంచం పక్కనే మూతపెట్టిన డబ్బాలో నాలుగు అరటిపళ్లో మురుకులో పెట్టి “ఇది నీది, ఎప్పుడైనా తినొచ్చు” అని చెబితే ఆ అలవాటు మెల్లగా తగ్గుతుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ కోపం అంతదాకా రాదు. శిక్షణ అంటే ఇలాంటి మాటలు. చట్టం సెక్షన్ల మీద అరపూట ఉపన్యాసం వినిపించడం శిక్షణ కిందికి రాదు.

బిడ్డ దగ్గరికి తీస్తే తోసేయడం, ముద్ద కలిపి పెడితే మొహం తిప్పుకోవడం, ఇంట్లో అందరితో నవ్వుతూ ఈమెతో మాత్రం మొండికేయడం నెలల తరబడి సాగినప్పుడు పెంచే మనిషిలో ఒక మార్పు వస్తుంది. వంట చేస్తుంది, జడ వేస్తుంది, బడికి దింపుతుంది, ఏ పనీ ఆగదు, కానీ లోపల ప్రేమ ఊరడం ఆగిపోతుంది. బిడ్డల మానసిక ఆరోగ్యం మీద పనిచేసేవారు దీన్ని మెదడు తనను తాను కాపాడుకునే ప్రయత్నంగా వివరిస్తారు: పదేపదే తిరస్కారం ఎదురైతే దగ్గరితనాన్నిచ్చే స్పందనలు తమంతట తాము తగ్గిపోతాయి. ఇది చెడ్డతనం కాదు, పెంచడం చేతకాకపోవడమూ కాదు. కానీ మన ఇళ్లలో తల్లి మనసు గురించి ఎన్ని గొప్ప మాటలున్నాయంటే, ఆ స్థితిలో ఉన్న స్త్రీ “నాకీ బిడ్డ మీద ప్రేమ కలగడం లేదు” అని ఎవరితోనూ అనలేదు. కన్న తల్లి విసుక్కుంటే పని ఒత్తిడి అంటారు. పెంచే తల్లి విసుక్కుంటే “కన్నబిడ్డ అయితే ఇలాగే చేసేదా?” అంటారు. ఈ రెండో వాక్యాన్ని అత్తింటివైపునుంచో పుట్టింటివైపునుంచో ఒక్కసారైనా వినని ఫోస్టర్ తల్లి అరుదు.

ఇంకా కష్టమైన ఘట్టం ఒకటుంది. నమ్మకం కుదిరిన రోజునే పిల్లలు నోరు విప్పుతారు, అదీ సాధారణంగా పడుకునే ముందు, దీపం ఆర్పాక, మొహం కనిపించనప్పుడు. తన మీద జరిగిన లైంగిక వేధింపును బిడ్డ అలా చెబితే విన్నవారు ఊరుకోవడానికి లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, తెలియజేయకపోవడం నేరం. ఆ తర్వాత బిడ్డకు కొన్ని ఏర్పాట్లున్నాయి. నగరంలో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది, వాంగ్మూలం, వైద్య పరీక్ష, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద జరగాలన్నది దాని ఉద్దేశం. పోక్సో నిబంధనల ప్రకారం కేసు సాగినంతకాలం బిడ్డకు తోడుగా ఒక సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ సమితి నియమించవచ్చు. మంచి ఏర్పాటే. కానీ ఆ రాత్రి చీకట్లో ఆ మాటలన్నీ విని, మొహంలో భయం కనబడనీయకుండా, “నీ తప్పేం లేదు” అని చెప్పి, తెల్లారి మామూలుగా ఉప్మా చేసిన మనిషికి తోడెవరూ లేరు. విన్న గాయం కూడా గాయమే. నిద్రలో ఉలిక్కిపడడం, ఇంట్లోని మగవాళ్లందరినీ అనుమానంగా చూడడం, కారణం లేకుండా ఏడుపు రావడం దాని గుర్తులు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. బిడ్డ పేరు చెప్పకుండా తన బాధ చెప్పుకోవడానికి ఈ నంబరు పనికొస్తుంది. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ పేరు చెబితే జనం ఇంకా పాత హాస్యమే ఆడతారు గానీ, అక్కడి ఓపీకి వెళ్లి మాట్లాడి రావడంలో సిగ్గుపడాల్సింది లేదు.

తన కోసం అడగడం ఇంత కష్టమైతే, బిడ్డ కోసం అడగడం మరో విద్య. ఇందులో మొదటి పాఠం కాగితం. సమితి ఇచ్చిన ఆదేశం నకలు, బిడ్డ గురించిన నివేదిక, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక: ఈ మూడూ ఇంట్లో లేకపోతే బిడ్డ తరఫున ఏ కౌంటరు దగ్గరా మాట సాగదు. బడిలో చేర్పించేటప్పుడు దరఖాస్తులో తండ్రి పేరు గడి దగ్గర గుమస్తా కలం ఆగిపోతుంది. “పేరు రాయకుంటే కంప్యూటర్ తీసుకోదు మేడమ్” అంటాడు. కంప్యూటర్ సంగతి అతని చేతిలో లేదు కాబట్టి అతనితో గొడవపడి లాభం లేదు. ఆదేశం నకలు చేతిలో పెట్టి, ప్రధానోపాధ్యాయుల దగ్గర కూర్చుని, 2009 నాటి విద్యాహక్కు చట్టం వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా పంపడాన్ని ఒప్పుకోదని, టీసీ ఆలస్యమైందని ఆపకూడదని, వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలని నెమ్మదిగా గుర్తుచేయాలి. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. ఫోస్టర్ కేర్‌లోకి వచ్చే పిల్లల్లో పద్నాలుగు దాటినవారూ ఉంటారు కాబట్టి వారి విషయంలో జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి బడికి ఒక లేఖ రాయించుకోవడమే నమ్మదగిన మార్గం.

హైదరాబాద్‌కు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. నగరం ఒకటే అయినా జిల్లాలు ఒకటి కాదు. అంబర్‌పేట హైదరాబాద్ జిల్లా, ఉప్పల్ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా, ఎల్బీ నగర్ రంగారెడ్డి జిల్లా. ప్రతి జిల్లాకూ దాని సమితి, దాని పరిరక్షణ విభాగం వేరు. అద్దె పెరిగిందని అంబర్‌పేట నుంచి ఉప్పల్‌కు సామాను మార్చిన కుటుంబానికి అది నాలుగు కిలోమీటర్ల మాటే, కానీ ఫైలుకు అది జిల్లా దాటిన ప్రయాణం. ఇల్లు మారేముందే సమితికి రాసి ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం తీసుకోకపోతే, రెండు ఆఫీసుల మధ్య ఫైలు ఎక్కడో ఆగి నెలవారీ సొమ్ము కూడా ఆగే ప్రమాదం ఉంది. ఇంటి యజమానుల సంగతి సరేసరి. ఒంటరి మహిళ, పైగా తనది కాని బిడ్డతో వస్తే అద్దెకివ్వడానికి ఎన్ని ప్రశ్నలు వేస్తారో చెప్పనక్కరలేదు.

సమితి నిర్ణయం తప్పనిపిస్తే ఏం చేయాలన్నది పెంచేవారిలో చాలామందికి చెప్పని విషయం. బాల న్యాయ చట్టం 101వ సెక్షన్ ప్రకారం సమితి ఇచ్చే మిగతా ఆదేశాల మీద బాలల కోర్టుకు వెళ్లాలి, ఫోస్టర్ కేర్‌కు సంబంధించిన ఆదేశాల మీద మాత్రం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, 30 రోజుల లోపు అప్పీలు చేసుకోవచ్చు. అన్నాచెల్లెళ్లను రెండు ఇళ్లకు విడదీసినా, బడి సంవత్సరం మధ్యలో బిడ్డను మార్చాలని చెప్పినా ఈ దారి ఉంది. తోబుట్టువులను వీలైనంతవరకు కలిపే ఉంచాలని చట్టమే అంటోంది. సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. అర్జీకి జవాబు ఎదురుచూస్తూ ముప్పై రోజులు దాటిపోతే హక్కే పోయే ప్రమాదం ఉంది. అడగడంలో ఒక సున్నితమైన గీత కూడా ఉంది. “మా దగ్గరే బాగుంటుంది” అన్నది బిడ్డ తరఫు వాదనా, పెంచినవారి మమకారమా అన్నది కలెక్టరుకన్నా ముందు తేల్చుకోవాల్సింది పెంచినవారే. ఇందుకు రోజూ రెండు వాక్యాలు రాసుకునే ఒక నోటుపుస్తకం చాలా పనికొస్తుంది: బిడ్డ ఏం తింది, ఎప్పుడు భయపడింది, అమ్మను చూసి వచ్చిన రోజు ఎలా ఉంది. ఏడాది తర్వాత వాదించాల్సి వస్తే అభిప్రాయం కన్నా ఈ పుస్తకానికే విలువ ఎక్కువ.

స్వీయ సంరక్షణ అనే మాట ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది, ఎక్కువగా చెడిపోయింది కూడా. పొద్దున్నే నడవండి, ధ్యానం చేయండి, వేడి నీళ్లతో స్నానం చేయండి అనే సలహాలతో తప్పేమీ లేదు. అయితే రాత్రి మూడుసార్లు లేచే బిడ్డ ఉన్న ఇంట్లో ఐదింటికి లేచి కేబీఆర్ పార్కుకు వెళ్లమనడం సలహా కాదు, వెక్కిరింత. పెంచే మనిషి తన ఆరోగ్యం కాపాడుకోవాలంటే ఎవరో ఒకరు వచ్చి ఆ బిడ్డ దగ్గర కూర్చోవాలి. మామూలు ఇళ్లలో ఈ పని అమ్మమ్మ చేస్తుంది, వేసవి సెలవుల్లో ఊరు చేస్తుంది. ఫోస్టర్ బిడ్డను అలా ఇంకొకరింటికి రాత్రికి పంపాలంటే అధికారికి చెప్పి అనుమతి తీసుకోవాల్సి ఉంటుందన్న జంకు వల్ల చాలామంది ఆ ఆలోచనే మానుకుంటారు. ఫలితంగా ఏడాదిలో ఒక్కరోజు కూడా విరామం లేని ఉద్యోగం అవుతుంది. ఉద్యోగం అనుకున్నా దానికి సెలవుల నియమం లేదు: 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు మూడు నెలల లోపు శిశువును దత్తత తీసుకున్న తల్లికి 12 వారాల సెలవు చేర్చారు, ఆరేళ్ల బిడ్డను ఇంటికి తెచ్చిన ఫోస్టర్ తల్లి ఆ పుటల్లో లేదు.

దీనికి ఒక పనికొచ్చే నమూనా అమెరికాలోని సియాటిల్‌లో పుట్టి, తర్వాత బ్రిటన్‌కు చేరిన మాకింగ్‌బర్డ్ పద్ధతి. అనుభవమున్న ఒక ఫోస్టర్ కుటుంబం కేంద్రంగా ఉంటుంది, చుట్టుపక్కల ఆరు నుంచి పది ఫోస్టర్ కుటుంబాలు దానితో ముడిపడి ఉంటాయి. నెలకోసారి అందరూ కలుస్తారు, అవసరమైతే ఒక ఇంటి బిడ్డ ఒకటి రెండు రాత్రులు కేంద్ర కుటుంబంలో ఉంటుంది. బిడ్డకు అది ముక్కూమొహం తెలియని చోటు కాదు, పెద్దవారికి అది ఫిర్యాదు కింద నమోదు కాదు. ఉమ్మడి కుటుంబం చేసిన పనినే ఇది రక్తసంబంధం లేకుండా చేస్తోంది. ఈ నగరంలో దీన్ని కొత్తగా నేర్పాల్సిన అవసరం పెద్దగా లేదు, చిట్టీల గుంపులు, బతుకమ్మ ఆడే వీధి గుంపులు, కార్తీక వనభోజనాల బృందాలు నడుస్తూనే ఉన్నాయి. సమితి ముందుగానే ఆమోదించిన ఇళ్ల జాబితా ఒకటి, మూడు జిల్లాలకూ కలిపి, ఉంటే చాలు. ఆ పని ప్రభుత్వం చేయాలి. ఒక్కో తల్లి తన ఇంట్లో కూర్చుని చేయగలిగింది కాదు.

ఇంట్లో పుట్టిన పిల్లల మాట కూడా ఇక్కడే చెప్పాలి. తన గది పంచుకున్న, తన సైకిల్ ఇచ్చిన పదేళ్ల కొడుకు “దానికి కోప్పడవు, నాకే కోప్పడతావు” అంటే అది నిజం కావచ్చు. వాడితో విడిగా వారానికి ఒక గంట గడపడం కూడా స్వీయ సంరక్షణ కిందికే వస్తుంది. భర్త పాత్ర సంతకానికి, బ్యాంకు పనికి పరిమితమైన ఇళ్లలో అలసట ఎవరి మీద పడుతుందో వివరించనక్కరలేదు.

చివరకు తిరిగి వెళ్లే రోజు వస్తుంది. తల్లి జబ్బు నయమైంది, లేదా తండ్రికి పని దొరికింది, సమితి విచారించి సరేనంది. చట్టం కోరుకున్న మంచి ముగింపు ఇదే. ఈ లోపు రెండేళ్ల దత్తత గడువు గురించి విన్న కుటుంబమైతే మనసులో ఒక లెక్క మొదలై ఉంటుంది, దాన్ని తప్పుపట్టలేం, కానీ కన్నవారు బతికి ఉండి బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నప్పుడు ఆ లెక్క పెట్టుకున్నవారికి ఈ రోజు రెట్టింపు బరువవుతుంది. కుటుంబాన్ని ఎంపిక చేసేటప్పుడే ఈ రెండు దారుల తేడా కూర్చోబెట్టి చెప్పడం అధికారుల పని. మన దగ్గర ఎవరైనా దూరమైతే పరామర్శకు వస్తారు, పదిమంది కూర్చుంటారు, ఎవరో ఒకరు వంట చేసి తెస్తారు. ఫోస్టర్ బిడ్డ వెళ్లిపోయిన ఇంటికి పరామర్శకు ఎవరూ రారు, ఎందుకంటే ఇది చావు కాదు, కష్టం కాదు, శుభవార్త. “మంచిదే కదా, వాళ్లమ్మ దగ్గరికే పోయింది” అంటారు. మాట నిజమే, ఏడవడానికి కారణం లేకుండా చేసేదీ అదే మాట. నెలవారీ తనిఖీ కూడా ఆ రోజుతో ఆగిపోతుంది. ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాల్లోని ‘వెళ్లిపోయాక కూడా’ అన్న మాటకు అర్థం ఇక్కడ తెలుస్తుంది. బిడ్డను అప్పగించిన తర్వాత రెండు మూడు నెలలపాటు కనీసం రెండుసార్లు ఒక కౌన్సెలర్ ఆ ఇంటికి రావడం, కొత్త బిడ్డను వెంటనే పంపకుండా కాస్త వ్యవధి ఇవ్వడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

బిడ్డ సంచీలో ఏం పెట్టాలన్నది అనుభవమున్నవారికి తెలుసు. బట్టలు, మందుల చీటీ, మార్కుల కార్డులు, టీకాల కాగితం, ఇష్టమైన దుప్పటి ఉతకకుండా, ఎందుకంటే దాని వాసన తెలిసిన వాసన. వాటితో పాటు ఒక చిన్న ఫొటో ఆల్బం, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా. దాన్ని రెండు ప్రతులు చేయిస్తారు. ఒకటి బిడ్డతో వెళుతుంది. రెండోది ఎక్కడా పోస్టు చేయడానికి వీల్లేదు కాబట్టి, బీరువాలో చీరల కింద ఉంటుంది.